ఉగాదికి వీలునామా చదివే ఇల్లు

ఉడుమలై దాటిన తరువాత గాలి బస్సును పక్కనుంచి తోయడం మొదలుపెట్టింది. అరవ నెలల్లో ఆని చివరి రోజులు. పాలక్కాడు కనుమ నోరు తెరిచి, తడినంతా కేరళలోనే దించేసి, గాలిని మాత్రం మా వైపు వదిలే కాలం. దూరంగా గాలిమరలు తిరుగుతున్నాయి. తోటల్లో కొబ్బరి చెట్లన్నీ జుట్టు విరబోసుకుని ఒకే దిక్కుకు వాలాయి. పళనిలో ఎక్కినప్పటినుంచీ నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఒక చేత్తో చొక్కా జేబు అదిమిపట్టుకునే ఉన్నాడు. గుండె నొప్పేమో అనుకుని ఒకటి రెండుసార్లు ముఖం చూశాను. నొప్పి పడేవాడి ముఖం కాదు, పరీక్ష రాయబోయేవాడి ముఖం. కిటికీ మూయమని నన్ను అరవంలో అడిగాడు. రేకు పలక సగంలో ఇరుక్కుంది. దాన్ని మాత్రం ఆయన తెలుగులో తిట్టాడు.

"మా రామక్కాళు మాదిరే ఇదిన్నీ. పైకి పోతే కిందికి దిగేది లే."

రామక్కాళు ఎవరని తెలుగులోనే అడిగాను. ఆయన జేబు వదలకుండా నా వైపు తిరిగి, ఇంటామె అన్నాడు. ఏ ఊరని అడిగాడు. పుట్టింది చిన్నమనూరు, ఇప్పుడు ఫలానా ఊరని లేదన్నాను. వయసు అడిగాడు. చెప్పగానే ఆయన ఆశ జారిపోయింది.

"అట్లయితే మీరు పనికి రారుంగ అన్నా. సాక్షి నాకంటె చిన్నవాడై ఉండాల."

ఆ సాయంత్రమే ఆయన ఒక వీలునామా మీద చేవ్రాలు చేయవలసి ఉంది. ఆయన మాటలో ఉయిలు. పాత వీలునామాల్లో సాక్షులుగా పెట్టుకున్నవాళ్లు ఒకరి తరువాత ఒకరు ఆయనకంటె ముందే పోయారట. రాసినవాడు గట్టిగా ఉండి సాక్షులు కాటికి పోతే ఆ కాగితం ఎందుకు అన్నాడు. అందుకని బస్సుల్లో, పెళ్లిళ్లలో వయసులో ఉన్నవాళ్లను చూస్తే ఆయనకు ముందు సాక్షులే గుర్తొస్తారు. నాకు తెలిసినంతలో మనుషుల్ని ఇలా ఏరుకుంటూ తిరిగేవాడు ఇంకొకడు లేడు.

పేరు వెంకటసామి. కినత్తుకడవు పక్కన కొబ్బరి తోట. తోట చేతికి రాకముందు కోయంబత్తూరులో మోటారు వైండింగ్ పని చేశాడు. కాలిపోయిన మోటారు పొట్ట విప్పి, పాత రాగి తీగ పీకి, కొత్తది చుట్టి, వార్నీషు పోసి ఆరబెట్టే పని. ఆ పని విడిచి చాలాకాలమైనా ఆయన వేళ్లు ఊరికే ఉండవు. మాట్లాడుతున్నంతసేపూ కనపడని తీగ ఏదో చుడుతూనే ఉన్నాయి. ఒక చేయి మాత్రం జేబు మీదే.

జేబులో ఉన్నది కాగితపు పొట్లం. అందులో ఒక పువ్వు. తెల్లదో ఎర్రదో ఆయనకూ తెలియదు.

ఆ సీమలో పువ్వు అడగడం తెలియనివాళ్లు ఉండరు. తెల్ల గన్నేరు ఒక కాగితంలో, ఎర్ర గన్నేరు ఇంకొక కాగితంలో చుట్టి, రెండూ ఒకేలా కనిపించేటట్టు మడిచి దేవుడి ముందు వేస్తారు. మనసులో అడగవలసింది అడుగుతారు. పూజారి ఒకటి తీసి చేతిలో పెడతాడు. తెల్లది వస్తే సరే, ఎర్రది వస్తే వద్దు. బాయి ఎక్కడ తవ్వాలి, సంబంధం కలుపుకోవాలా, పొత్తు వ్యాపారంలో దిగవచ్చా, అన్నీ ఇలాగే తేలతాయి. మంత్రాలూ లెక్కలూ లేని ఇంత తేలికైన శాస్త్రాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. పెద్ద పెద్ద జ్యోతిష గ్రంథాలు తిరగేసినప్పుడల్లా, ఇన్ని పేజీల చివర వచ్చేది కూడా తెలుపో ఎరుపో కదా అనిపిస్తుంది.

పొట్లాన్ని అక్కడే, దేవుడి ఎదుటే విప్పి చూడడం రివాజు. వెంకటసామి ఆ తెల్లవారుజామున పళని దగ్గరి కులదైవం గుడికి ఒక్కడే వెళ్లి, పువ్వు అడిగి, చేతికి వచ్చిన పొట్లం విప్పకుండా జేబులో వేసుకుని బస్సు ఎక్కాడు. పూజారి వెనకనుంచి పిలిచినా నిలబడలేదట. ఎందుకని అడిగితే నాకు దొరికింది ఒక జీవితమంతా. పొళ్లాచ్చి వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు.

నలుగురు అన్నదమ్ములకు ఒకే బాయి. వాళ్ల నాయన ఏ కాగితమూ రాయకుండా పోయాడు. నేల నాలుగు ముక్కలు చేశారు, నీటిని ముక్కలు చేయడం ఎవరికీ చేతకాలేదు. వంతు వంతున నీళ్లు తోడుకోవాలని మాట అనుకున్నారు. పెద్దన్న పోగానే ఆయన వంతు ఎవరిదన్న తగువు వచ్చింది. వదిన, తమ్ముళ్లు ఒకరి కాలువ ఒకరు కట్టేశారు. ఆ ఏడు పసుపు పంట నలుగురిదీ ఎండింది. పక్క పక్కనే, ఒకే బాయి చుట్టూ, నలుగురిదీ. వెంకటసామి తన ముక్క తమ్ముడికి వదిలేసి కోయంబత్తూరు బస్సు ఎక్కాడు. అప్పటికి ఆయనకు మీసం సరిగ్గా రాలేదు.

తరువాత సంపాదించి కొన్న రాతి నేలలో ఒక్క కొబ్బరి మొక్క కూడా పెట్టక ముందే వీలునామా రాశాడు. అందరూ నవ్వారు. పిల్ల పుట్టకముందే పెండ్లి పత్రిక అచ్చు వేసినట్టు ఉందని మామగారు అన్నాడు. ఆయన పట్టించుకోలేదు. అంతటితో ఆగలేదు కూడా. మోటారు బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల వార్నీషు ఎండిపోయి తీగ తీగకు తగులుతూ ఉంటుంది, విప్పి చూస్తేగాని తెలియదు; ఉయిలు కూడా అంతే, ఏటా ఒకసారి విప్పి చూసుకోవాలి అన్నది ఆయన పట్టు.

అలా ఆ ఇంట్లో ఒక ఆచారం పుట్టింది. ఉగాది నాడు అందరి ఇళ్లలో పంచాంగం చదువుతారు. వెంకటసామి ఇంట్లో పచ్చడి తిన్న తరువాత వీలునామా చదువుతారు. కొడుకు, కూతురు, అల్లుడు, కోడలు, పిల్లలు అందరూ చుట్టూ కూర్చోవాలి. ఒక్కొక్క మాట చదివి, ఇది ఇప్పుడూ నిజమేనా అని ఆయన అడుగుతాడు. బాయి ఎండిపోయి పూడ్చినప్పుడు "బాయికి పడమర" అన్న మాట మార్చాడు. నాలుగు వరుసల రోడ్డు వచ్చి ముందు వరుస చెట్లను మింగినప్పుడు హద్దులు మార్చాడు. కొడుకు రాజ్‌మోహన్ కోయంబత్తూరులో పంపుల కార్ఖానా పెట్టి, నాకు నేల వద్దు, మీ మనవడికి రాయండి అన్నప్పుడు మళ్లీ మార్చాడు. రిజిస్టరాఫీసులో గుమాస్తాలు మారుతున్నారు, ఈయన మారడం లేదని పత్రాలు రాసే తంగవేలు వేళాకోళమాడేవాడట.

పాత రాజుల దానశాసనాలు చూస్తే నాకు ఎప్పుడూ ఒక నవ్వు వస్తుంది. సూర్యచంద్రులు ఉన్నంతవరకు ఈ దానం చెల్లుతుందని రాస్తారు. మార్చినవాడు పెంటలో పురుగై పుడతాడని శపిస్తారు. ఆ ఊరు ఎక్కడుందో ఇప్పుడు ఎవరికీ తెలియదు, రాగిరేకు మాత్రం ఏదో పొలంలో నాగలికి తగులుతుంది. సూర్యచంద్రుల ఊసు ఎత్తకుండా, ఈ ఉగాది నుంచి పై ఉగాదిదాకా మాత్రమే దానం రాసిన మనిషిని మొదటిసారి చూస్తున్నానని ఆయనతో అన్నాను. ఆయన సంతోషించలేదు. కిటికీ వైపు చూశాడు.

ఒక్క మాట మాత్రం చాలా ఏళ్లుగా మార్చలేదన్నాడు.

కూతురు కళైవాణికి పెళ్లిలో నగలు పెట్టారు, నేల ఇవ్వలేదు. వాళ్లలో పాత పద్ధతి అది. ఆయనకు అది ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అలాగని తోటను రెండు చేస్తే నీరు రెండు చేయాలి, నీరు రెండు చేస్తే నాయన బాయి కథే మళ్లీ వస్తుంది. అప్పుడు ఆయనకు మేనరికం తోచింది. రాజ్‌మోహన్ కొడుకు ధనుష్, కళైవాణి కూతురు చారులత. వరసైన పిల్లలు, ఒక ఏడు అటూ ఇటూగా పుట్టారు, తోటలో కలిసే ఆడుకునేవాళ్లు. ఇద్దరికీ పెళ్లి చేస్తే తోట ఒకటే, బోరు ఒకటే, కూతురికీ అన్యాయం లేదు. కులదైవం దగ్గర పువ్వు అడిగాడు. తెల్లది వచ్చింది. "ధనుష్, చారులత పెండ్లాడిన మీదట ఇద్దరికీ ఉమ్మడిగా" అని రాయించి, ఊరంతా తీపి పంచాడు. పిల్లలు అప్పటికి బడికి పోతున్నారు.

ఆ మాట ఏటా ఉగాది నాడు చదివారు. పచ్చడి చేదు నాలుక మీద ఉండగానే, అందరి ఎదుట. పిల్లలు నిక్కర్లలో ఉన్నప్పుడు చదివారు, కాలేజీలో ఉన్నప్పుడు చదివారు. ఇది ఇప్పుడూ నిజమేనా అని ఆయన అడిగేవాడు. పెద్దవాళ్లు తలలు ఊపేవాళ్లు. పిల్లలు తలలు దించుకునేవాళ్లు, ఆయన అది సిగ్గు అనుకునేవాడు.

"ఇంట్ల మూసి పెట్టిన మాట ఒకటీ లేదని గొప్పగా తిరుగుతా ఉంటి, అన్నా," అన్నాడు. "ఊర్ల ఉయిళ్లు బీరువాల దాచుతారు. నేను అరిచి చదివితి. ఆ అరుపే ఆ పిల్లల నోరు మూసింది."

ఈ ఏడు ఆయనకు కంటి ఆపరేషను అయింది. ఉగాదికి చారులతను చదవమన్నాడు. ఆమె గొంతెత్తి చక్కగా చదివింది. హద్దులు, సర్వే నంబరు, చెట్లు, పంపు షెడ్డు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఊపిరి కూడా మార్చకుండా దాన్ని దాటి తరువాతి మాట చదివింది. వెంకటసామికి కాగితం కంఠస్థం. అమ్మిణీ, ఒక వరుస పోయింది అన్నాడు. ఆమె మళ్లీ చదివి మళ్లీ దాటింది. కాగితం తీసుకుని ధనుష్‌కు ఇచ్చాడు. ధనుష్ గొంతు సవరించుకుని మొదటినుంచి చదివి, సరిగ్గా అక్కడే, చెల్లెలు దాటిన గుంటను అన్న దాటినట్టు దాటాడు. ముందు నవ్వింది రామక్కాళు. ఇంకెవరూ నవ్వలేదు. కళైవాణి వంటింట్లోకి లేచిపోయింది.

అప్పుడు చారులత ఒక మాట అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన వేళ్లు తీగ చుట్టడం ఆపాయి.

"తాతా, బాయి పూడ్చినాక ఆ మాట మార్చితివి. రోడ్డు వచ్చినాక మార్చితివి. మేము పెద్దైనాక మాత్రం మార్చలే."

తరువాత అన్నీ బయటపడ్డాయి. తండ్రి కార్ఖానాలో పనిచేసే ఆనందిని ధనుష్ పెళ్లాడాలనుకుంటున్నాడు. తాత వీలునామాను కాదంటే అత్త కూతురి నేల తనవల్ల పోతుందేమోనని నోరు విప్పలేదు. చారులతకు ఇప్పుడు పెళ్లి ఊసే లేదు. కొబ్బరి పీచు పొట్టును కడిగి ఆరబెట్టి దిమ్మలుగా నొక్కి అమ్మే పని పెట్టుకుంది. తాత తోటలో బోలెడంత జాగా ఉండగా ఎవరి కళ్లమో బాడుగకు తీసుకుని ఆరబెడుతోంది. ఉమ్మడి నేలలో సిమెంటు కళ్లం పోస్తే అది ఎవరిదవుతుంది? తాతను అడిగితే పెళ్లి సంగతి వస్తుంది. అందుకని అడగలేదు. ఇద్దరూ ఒకరి నేల కోసం ఒకరు నోరు కట్టుకుని, ఎదురుపడితే బావా అని కూడా పిలుచుకోలేని స్థితికి వచ్చారు.

వెంకటసామి ఆ పూట కోపంతో లేచిపోయాడు. దేవుడు తెల్ల పువ్వు ఇచ్చాడు, మార్చడానికి నేనెవరు అన్నాడు. వారాల తరబడి అదే మాట. తోటలోనే పడుకున్నాడు, ఇంటికి భోజనానికి మాత్రం వచ్చేవాడు. ఒక మధ్యాహ్నం రామక్కాళు అన్నం వడ్డిస్తూ అడిగిందట, తూర్పు మూల బోరుకు కూడా పువ్వు అడిగితిరి కదా అని. అడిగాడు. తెల్లదే వచ్చింది. లోపలినుంచి వచ్చింది దుమ్ము.

"దుమ్ము వచ్చినాక ఆడనే తవ్వుతా ఉంటిరా? మళ్లీ అడిగి ఇంకొక తావున తవ్వితిరి గదా. నేలకి రెండోసారి అడగవచ్చు, పిల్లోళ్లకి అడగగూడదా?" అని పులుసు గిన్నె ముందుకు జరిపి, అదే గొంతుతో, ఉప్పు చాలునా అని కూడా అడిగింది.

ఆని పోయి ఆడి మాసం పుడితే వాళ్లు కొత్త పని ఏదీ తలపెట్టరు. ఆవణి దాకా ఆగాలి. ధనుష్ ఆవణిలో ముహూర్తం పెట్టుకోవాలంటే ఆనందివాళ్లకు ఈ వారంలోనే మాట ఇవ్వాలి. చారులత బాడుగకు తీసుకున్న కళ్లాన్ని ఇంకెవరో అడుగుతున్నారు. అందుకే ఆయన ఒక్కడే గుడికి పోయాడు. ఆ మాట కొట్టేయవచ్చా అని అడిగాడు. తెల్లదైతే కొట్టేయడం, ఎర్రదైతే ఉంచడం. ఇప్పుడు ఆ జవాబు ఆయన జేబులో ఉంది.

పొళ్లాచ్చి స్టాండులో బస్సు నిలిచింది. ఇద్దరం టీ తాగాం. ఆయన ఎడమచేత్తో గ్లాసు పట్టుకున్నాడు, కుడిచేయి జేబు మీద. నీళ్ల సంగతి ఎలా తేలుస్తారని అడిగాను. ఆయనను ఇన్నేళ్లు భయపెట్టింది పెళ్లి కాదు, నీరే అని నాకు అప్పటికి అర్థమైంది.

దానికి మాత్రం ఆయన ముఖం వికసించింది. రామక్కాళు ఆ మాట అన్నాక మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని మొదటిసారి అడిగాడట, నీకేం కావాలిరా అని. ధనుష్‌కు చెట్లూ వద్దు, బోరూ వద్దు. రోడ్డు వైపు ఉన్న ముక్క చాలు, పంపులు అమ్మే అంగడి పెట్టుకుంటాడు. అంగడికి కావలసిన నీరు ఊరి కుళాయిలో వస్తుంది. చారులతకు తోట, బోరు, కళ్లం వేసుకునే జాగా అన్నీ కావాలి. ఇద్దరి కోరికలూ ఎక్కడా ఒకదానికొకటి తగలవు. పంచవలసిన నీరే లేదు, అంతా ఒక్కరిదే. ఇన్నాళ్లు ఆయన కాపాడింది జరగని తగువును.

"దేవుణ్ణి అడిగితి, తంగవేలును అడిగితి, సర్వేయరును అడిగితి," అన్నాడు. "ఆ ఇద్దురిని మాత్రం ఇన్నేండ్లు అడగలే. ఇంట్లనే ఉండిరి గదా, అడిగేది ఏల అనుకుంటి."

బస్సు మళ్లీ కదిలింది. పొళ్లాచ్చి దాటితే కినత్తుకడవు దూరం కాదు. తోటలు, పీచు కళ్లాలు, గాలికి లేచే గోధుమరంగు పొట్టు. ఇక దాచుకోలేక అడిగేశాను, విప్పి చూడరా అని.

ఆయన జేబులోంచి పొట్లం తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. కాగితం చెమటకు మెత్తబడింది. మడత దగ్గర చిన్న తడి మరక. నేను రంగు కోసం వంగి చూశానని ఒప్పుకోవాలి. ఏమీ కనపడలేదు.

"ఎర్రది వస్తే ఆ పిల్లోళ్ల మొగము చూసేకి నా చేత గాదు," అన్నాడు నెమ్మదిగా. "తెల్లది వస్తే, పువ్వు చెప్పింది గాబట్టి తాత మార్చినాడు అంటారు. అది గాదు అన్నా. వాళ్లు చెప్పిరి, నేను మార్చితి. అట్ల ఉండాల."

దేవుడు కోపగించుకోడా అన్నాను.

"కోపం వస్తే పై ఉగాదికి చెప్పనీ. చదివేటప్పుడు ఆయప్పకిన్నీ కూర్చునేకి ఒక పలక వేస్తాము."

కినత్తుకడవు వచ్చిందని కండక్టరు అరిచాడు. వెంకటసామి లేచి, పంచె సర్దుకుని, ఊగే బస్సులో సీటు సీటు పట్టుకుంటూ ముందుకు నడిచాడు. డ్రైవరు తల పైన, అద్దం పక్కన, మురుగన్ పటం ఉంది. దానికి పొద్దుటి మల్లె దండ, గాలికి సగం వాడింది. వెంకటసామి చేయి చాపి, పొట్లాన్ని విప్పకుండానే ఆ దండ కిందకు దోపాడు. డ్రైవరు తల తిప్పి ఏమిటన్నట్టు చూశాడు. మీదే, ఉంచుకోండి అన్నట్టు ఆయన పటానికే తల ఊపి దిగిపోయాడు.

సగం దిగిన కిటికీ పలక కింద వంగి చూశాను. రోడ్డు పక్క ఒక అమ్మాయి స్కూటరు మీద ఒక కాలు నేలకు ఆనించి నిలబడి ఉంది. చేతుల మీద, చున్నీ మీద పీచు పొట్టు. ఆమె వెనక ఇద్దరు కుర్రవాళ్లు మోటారుసైకిలు మీద ఉన్నారు. ఇద్దరూ వయసువాళ్లు, ఆయనకంటె చాలా ఏళ్లు బతకగలిగేవాళ్లు. సాక్షులన్నమాట. నాకు కొంచెం అసూయ కలిగింది.

"తాతా, పువ్వు ఏమాయె?" అని ఆమె అడగడం గాలిలో నాదాకా వచ్చింది.

ఆయన పోదాం పద అన్నట్టు చేయి ఊపాడు. ఆమె స్కూటరు తిప్పబోయింది. ఆయన ఎక్కలేదు. రిజిస్టరాఫీసు ఆ పక్క సందులోనే కాబోలు, నడక మొదలుపెట్టాడు. ఆమె బండి తోసుకుంటూ పక్కన నడిచింది. ఆయన రెండు చేతులూ ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి. కళ్లం ఎక్కడ పోయాలో, ఎంత పొడవో, వాన నీరు ఎటు వాలాలో గాలిలో గీసి చూపిస్తున్నాడు. ఆమె కాదంటూ తల అడ్డంగా ఊపి ఇంకొక దిక్కు చూపించింది. ఆయన నిలబడ్డాడు. ఇప్పుడు వెనక్కి తిరిగి నాకు చేయి ఊపుతాడనుకుని నేను చేయి ఎత్తి ఉంచాను. ఆయన నిలబడింది మడిచి కట్టిన పంచెను కిందికి దించుకోవడానికి. ఆఫీసులోకి పోతున్నాడు కదా. దించుకుని, ఆమె చూపించిన దిక్కును ఇంకొకసారి చూసి, సరే అన్నట్టు తల ఊపి, మాట్లాడుకుంటూనే సందు తిరిగిపోయాడు.